గులాబీలకు మజ్జిగ

గిప్పటి పోరగాళ్ళకు చెప్తే నవ్వుతరు గని, గా తెలంగాణ ఉద్యమం దినాలల్ల బంద్ లేని వారం మాకు సప్పగుండేది. నాకప్పుడు ఇరవై రెండేండ్లు. కోరుట్లల ఒక పురుగుమందుల దుకాణంల గుమాస్తాను. డబ్బా మీద రాసింది రైతుకు సదివి చెప్పుడే నా పని, గని గల్లీల అందరు "డాక్టర్" అనేటోళ్ళు. (నేనెన్నడు కాదనలే.) పెండ్లి కానోనికి ఎవ్వలు రూం ఇయ్యని ఊర్లె టీచరమ్మ నాకు కిరాయికిచ్చింది గుడ గా డాక్టరీ చూసే. ఆమె వాకిట్ల పదకొండు గులాబి చెట్లుండె.

గా చెట్లకు బూడిద తెగులు పట్టింది. ఆకులు ముడుసుకపోయినయి, మొగ్గల మీద పౌడర్ అద్దినట్టు తెల్లగైంది. టీచరమ్మనేమో వచ్చే సోమవారం బడి టీచర్లతోటి రిలే దీక్షల కూసుంటది, దండలన్ని మా ఇంటి పూలయే అని బడంత చెప్పుకున్నది. "చెట్లు బాగుగాకపోతే మూట సదురుకో డాక్టర్" అన్నది నాతోటి. "గంధకం కొడితే ఖతం టీచరమ్మా" అన్న నేను.

గంధకం మా దుకాణంల బస్తాలకు బస్తాలున్నది. గని ఆ రోజు బంద్. పొద్దున సగం తెరిసిన మా సేటు షటర్‌ను నా చేతులతోటే గుంజి దించి, గొంతు చించుకొని "జై తెలంగాణ" అన్నోన్ని నేనే. మళ్ళ నేనే పోయి ఒక్క పొట్లం గంధకం అడిగితే సేటు నన్ను కిందికి మీదికి చూసి, "ముందుగాల రాష్ట్రం రానియ్యిరా" అని లోపటికి పోయిండు.

పాలు నీళ్ళల్ల కలిపి కొట్టినా తెగులు తగ్గుతదని సేటే ఒకనాడు చెప్పిండు. పాలబండి రాలే. గని పెద్ద రోడ్డు మీద బండ్లు ఆపి ఉద్యమపోళ్ళ వంటావార్పు నడుస్తుండె. రోడ్డు మీదనే పొయ్యిలు, అన్నం, పప్పు, ఒక డ్రమ్ము మజ్జిగ. మజ్జిగంటే పాల బిడ్డనే గదా అనుకున్న. (గప్పటి నా తెలివి గంత.) సేటు దసరాకిచ్చిన కొత్త స్ప్రే పంపు, ఒక్కనాడు వాడంది, ఈపుకు తగిలించుకొని పోయి నిండ నింపుకున్న. ఎనుకకు మర్రేసరికి ఎదురుంగ పోలీసులు.

"పంపుల ఏముందిరా?"

"మజ్జిగ సార్."

"ఎవరికి?"

"గులాబి చెట్లకు సార్."

ఎస్సై పంపు మూత తీసి వాసన చూసిండు. "వీణ్ణి ముందు ఎక్కించండి" అన్నడు.

ముప్పై మందిని వ్యాన్ల కుక్కి సిరిసిల్లల ఒక ఫంక్షన్ హాలుల దించిండ్రు. ఎండ, దూప, తాగనీకి సుక్క నీళ్ళు లెవ్వు. "డాక్టర్, గా పంపు కొత్తదే గదా?" అని అడిగిండు ఒక పెద్దమనిషి. ఇగ సూడుండ్రి, అందరు వరుసగ నోర్లు తెరుసుకొని కూసున్నరు, నేను పంపు కొట్టుకుంట ఒక్కొక్కల దగ్గరికి పోతున్న. "సన్నగొద్దురా, ధారగ కొట్టు" అని ఒకలు, "మొఖం మీద గాదురా" అని ఒకలు. ఆఖరికి తలుపు కాడి పోలీసాయన గుడ అటిటు చూసి నోరు తెరిసిండు.

పొద్దుగూకినంక విడిచిపెట్టిండ్రు. ఖాళీ పంపుతోటి, మూట ఎట్ల సదురుకోవాలె అనుకుంట ఇల్లు చేరిన. గేటు కాడ గల్లీ మొత్తం నిలవడ్డది. పోరడు తెలంగాణ కోసం జైలుకు పోయిండని ఊరంత తెలిసిపోయింది! టీచరమ్మ పదకొండు చెట్లను బోడిగ కత్తిరించి, గా తెగులు మొగ్గలతోటే దండ గుచ్చి నా మెడల ఏసింది. "నా కొడుకువురా నువ్వు" అని కండ్లనీళ్ళు పెట్టుకున్నది. నిజం చెప్పబుద్ధి కాలే. పట్టిన కొమ్మలు తీసేసుడే గా తెగులుకు పెద్ద వైద్యమని నాకప్పుడు తెల్వది. నెల దినాలకు చెట్లన్ని మంచిగ సిగురేసినయి, నా డాక్టరీకి ఇంకింత పేరొచ్చింది. (సోమవారం దీక్షల మాత్రం బంతిపూల దండలే ఏసుకున్నరు.)

రాష్ట్రమొచ్చినంక జగిత్యాలల సొంతంగ దుకాణం పెట్టుకొని రూం ఖాళీ చేసిన. పోయేనాడు మనసాగక, "టీచరమ్మా, గా రోజు నేను జైలుకు పోయింది..." అని మొదలుపెట్టిన. ఆమె ఒక గులాబి కొమ్మ నా చేతుల పెట్టి, "తెలుసు తీ కొడుకా. మా బడి సారు గుడ నీ పంపులనే తాగిండు. దాంట్ల ఉప్పు, పచ్చిమిరపకాయలు ఉండెనటగా? గది కొడితే నా చెట్లు బతికేటియా? గా పోలీసోళ్ళు సల్లగుండాలె!" అన్నది. ఇన్నేండ్లు తెలిసి గుడ ఒక్క మాట అనలే ఆమె. నాకు సిగ్గు, నవ్వు, ఏడుపు ఒక్కపారే వచ్చినయి.

గా కొమ్మ ఇప్పుడు నా దుకాణం ముందట చెట్టయింది. తెల్లమచ్చ కనవడ్డదంటే ముందుగాల కత్తెర తీస్త. గిరాకీలు ఇప్పటికి "డాక్టర్" అనే పిలుస్తరు. నేనిప్పటికి కాదనలే.