రెండంటే రెండే తాళంచెవులు

మొన్న మంగళవారం ఖమ్మం ఆఫీసులో నా పరువు ఎట్లా పోయిందో చెప్తాను, నవ్వుకోండి. నవ్వేముందు ఒక్క మాట. నేను రూలు తప్పలేదు. అన్నీ రూలు ప్రకారమే చేశాను. అదే వచ్చిన తిప్పలు!

కొత్తగూడెం దాటినాక రోడ్డు పక్కన మా రేకు పెట్టెల షెడ్డు మీకు తెలుసు కదా. నేను, ఇద్దరు పనివాళ్ళు. పెళ్ళిళ్ళు అయిపోతే ట్రంకు పెట్టె కొనే మనిషి ఉండడు. ఈ వానాకాలం ఆ ఇద్దరినీ ఇంట్లో కూర్చోమని చెప్పాల్సి వచ్చేటట్టుంది. అప్పుడే ఒకాయన చెప్పాడు, అడవి వైపు ప్రభుత్వ హాస్టళ్ళ పిల్లలకు పెట్టెలు కావాలని, మనలాంటి చిన్న యూనిట్లు కూడా రిజిస్టరు చేసుకుంటే సప్లై చేయొచ్చని. ఆఖరు తేదీ మంగళవారం, సాయంత్రం అయిదు. దాటితే మళ్ళీ వచ్చే ఏడాదే!

ఫారం తెచ్చి నాలుగుసార్లు చదివాను. నా చదువు ఏడో తరగతే, అయినా ఒక్క గడి ఖాళీ పెట్టలేదు. "పెట్టె ప్రత్యేకత" అన్న చోట "రాయితో కొట్టినా ఊడదు" అని రాశాను. అన్నిటికంటే కింద ఇట్లా ఉంది: శాంపిలు పెట్టె ఒకటి ఇవ్వాలి, దాని రెండు తాళంచెవులను కాగితాలతో పాటు కవరులో పెట్టి ఇవ్వాలి.

పెట్టెకు, నొక్కితే చాలు చెవి లేకుండానే పడే తాళం బిగించాం. దానికి మూడు చెవులు వచ్చాయి. రెండు కవరులో వేశాను. మూడోది మా ఆవిడ మార్తమ్మ చేతికిచ్చి "బావిలో పడెయ్" అన్నాను.

"ఎందుకయ్యా? జేబుల ఏసుకోరాదు?"

"ప్రభుత్వం రెండు అడిగింది. రెండంటే రెండే. మూడోది మన దగ్గర దాచుకుంటే దాన్ని ఏమంటారు?"

"ఏమంటరు? తాళంచెవి అంటరు."

"దొంగబుద్ధి అంటారు!" అన్నాను. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. నేనే తప్పితే ఎట్లా? మార్తమ్మ చెవి తీసుకుని బావి వైపు పోయింది.

మంగళవారం పొద్దున ఒకటే వాన. కాగితాలు తడవొద్దు. మా పెట్టెకంటే తడవని చోటు ఇంకేముంది? కవరు అందులో పెట్టి, మూత వేసి, టక్కుమని నొక్కాను. అన్నం సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కాను. దారి పొడుగునా పెట్టె మీది నుంచి చెయ్యి తీస్తే ఒట్టు!

ఆఫీసులో పెద్ద లైను. నా వంతు వచ్చేసరికి మూడున్నర.

"కాగితాలేవి?" అన్నాడు గుమాస్తా సారు.

"పెట్టెల ఉన్నయి సార్."

"తియ్యి మరి."

"తాళం ఏసిన సార్."

"చెవి లేదా?"

అప్పుడు తట్టింది నాకు! "ఉన్నయి సార్. కవర్ల."

"కవరేడున్నది?"

"పెట్టెల."

సారు పెన్ను కింద పెట్టాడు. "రెండు చెవులూ?"

"రూలు ప్రకారం రెండూ సార్."

లైను లైనంతా నవ్వింది. "ఇంటికి ఫోన్ కొట్టు పెద్దాయనా, ఇంకోటి ఉంటది" అన్నాడు వెనక నుంచి ఒకడు. "లేదు, బావిల ఉన్నది" అన్నాను. ఇక చూడండి నవ్వులు!

తాళం పగలగొడితే శాంపిలు పాడు. పగలగొట్టకపోతే కాగితాలు లేవు. "అయిదు దాక చూస్త, తర్వాత నా చేతుల ఏం లేదు" అన్నాడు సారు.

పెట్టె మోసుకుని వరండాలోకి వచ్చాను. పిన్నీసుతో తిప్పాను, మూత పట్టి లాగాను. కదిలితేనా! అంత బాధలోనూ నా పనితనానికి కొంచెం గర్వం కలిగింది, దాచను. కానీ మా పనివాళ్ళిద్దరికీ ఏం చెప్పాలి? పొద్దున బస్సుదాకా వచ్చి సాగనంపారు.

అటెండరు ముత్తమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. "బువ్వ తిన్నవా సారూ?"

"లేదమ్మా. పని కానిదే అన్నం ముట్టను. నా పద్ధతి అది."

"తింటే బుర్ర పనిచేస్తది. సంచిల డబ్బా ఉన్నది గద, ఇప్పు."

"వద్దమ్మా."

కాసేపటికి మళ్ళీ వచ్చింది. "గింత తిను సారూ, కండ్లు తిరిగి పడ్తవ్." నేను ఊరుకున్నానా? ఆకలిని అదుపులో పెట్టలేనివాడు దేన్నీ అదుపులో పెట్టలేడని ఆమెకు నిలబెట్టి పాఠం చెప్పాను. ఓపికగా విన్నది. విని, "అయిందా? ఇగ జరుగు" అని పెట్టెను వెనక్కి తిప్పింది. ఒక మేకు, ఒక రాయి తెచ్చింది. మూతను వెనక పట్టి ఉంచే బందులు రెండు ఉంటాయి కదా, వాటిలోని సన్న చువ్వలను టక్కు టక్కుమని బయటికి కొట్టింది. మూత వెనక నుంచి లేచింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు!

"హాస్టల్ల వంట చేసేదాన్ని సారూ. వారానికొక పిల్ల చెవి పోగొట్టుకునేది. అన్ని పెట్టెలు గిట్లనే తీసిన."

కవరు తీసుకుని, చువ్వలు మళ్ళీ దిగ్గొట్టి, అయిదుకు పది నిమిషాలుందనగా సారు ముందు నిలబడ్డాను. ఆయన కిటికీలోంచి అంతా చూశాడు. ఫారం మీద వేలు పెట్టి, "రాయితో కొట్టినా ఊడదు అని రాసినవ్. రాయితోనే ఊడింది గద పెద్దాయనా!" అన్నాడు. అయినా తీసుకున్నాడు. చువ్వలు ఊడి రాకుండా కొసలు అణగ్గొట్టి మళ్ళీ చూపిస్తే రిజిస్ట్రేషను ఇస్తామని రాశాడు. పనివాళ్ళిద్దరూ ఇప్పుడు ఆ పని మీదే ఉన్నారు.

బస్టాండులో ఆరింటికి అన్నం సంచి విప్పాను. డబ్బా మూత మీద, పచ్చడి పొట్లానికి దారంతో కట్టి, మూడో తాళంచెవి!

ఇంటికి పోయి మార్తమ్మను నిలదీశాను. "బావిలో పడెయ్యమన్నాను కదా?"

"నీ సంగతి తెల్వదా? మధ్యాహ్నం తినేటప్పుడు కనబడ్తది అనుకున్న. ఇంతకూ ఎన్నింటికి తిన్నవ్?"

ఆరింటికని ఒప్పుకున్నాను. ఈ ఆదివారం పిల్లలకు పాఠం మాత్రం సిద్ధం చేసుకున్నాను: ఆకలైతే అన్నం తినండి.