కాగితం కదలాలి

మొన్న మన తెలుగు సంఘం పాట్‌లక్ భోజనాల్లో మీలో నలుగురైదుగురు నన్ను ఓదారుస్తూ, "ఆవిడతో ఆ భాషా పోయిందటగా, అమ్మమ్మగారూ" అన్నారు. పోయిన మంగళవారం పోయింది మా టీచరు. భాష ఇంకా పోలేదు. ఓపిక లేకపోయినా ఈ ముక్క సరిదిద్దాలి.

మన స్పొకేన్ ఊరికి ఆ పేరొచ్చింది ఇక్కడి ఆదివాసులైన ఆవిడ జనం వల్లే. వాళ్ల సేలిష్ భాషను ఉయ్యాల్లోనే విన్నవాళ్లు ఇప్పుడు బహు కొద్దిమంది. మా అమ్మాయి నన్ను లైబ్రరీలో దింపి సరుకులకి వెళ్లేది. ఊరికే కూర్చోలేక అక్కడ ఆవిడ చెప్పే ఆ భాష క్లాసులో దూరాను.

పాఠమంతా టిష్యూ కాగితంతోనే. నాలుకను 'ల' దగ్గర ఆనించి, గొంతు కలపకుండా పక్కల నుంచి గాలి వదలాలి. పెదవి మూల పట్టుకున్న కాగితం రెపరెపలాడితే ఆ శబ్దం వచ్చినట్టు. ఇంకొన్నిటికి ఊపిరి బిగబట్టి పటుక్కున విడవాలి. తెలుగు ఎమ్మే చదివిన నా నోటికి ఆ కాగితం నెలల తరబడి చలించలేదు. పైగా హల్లుతో మాట ఆపడం మనకి ప్రాణసంకటం. ప్రతిదానికీ చివర ఒక 'ఉ' తగిలించేదాన్ని.

"మాటలకి చెప్పులెందుకు తొడుగుతావు? వట్టికాళ్లతో నడవనీ," అనేవారు టీచరు.

కాగితం కదిలిన రోజు చప్పట్లు ఆశించాను. "ఊఁ, ఇంకోసారి," అన్నారు.

"మన పిల్లలకి తెలుగే రావట్లేదు, ఈ వయసులో మీకిదెందుకండీ?" అని అప్పట్లో ఓ పాట్‌లక్‌లో మన సంఘం సెక్రటరీగారు అడిగారు.

"నేను మానేస్తే మీవాడికి తెలుగొచ్చేస్తుందంటే చెప్పండి, ఇవాళే మానేస్తాను," అన్నాను. ఆయన సాంబారు వైపు వెళ్లిపోయారు.

చివరి క్లాసుకి ఆవిడ ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో వచ్చారు. జాలిపడి నేను మాట్లాడకుండా కూర్చున్నాను. ఆవిడకి కోపం వచ్చింది. "తప్పు పలుకు, దిద్దుతాను. నోరు మూసుకుంటే ఏం దిద్దను?"

నిన్న ఆవిడ మనవరాలు ఫోన్ చేసింది. "క్లాస్ నేను నడుపుతాను. నాకూ అన్నీ రావు. ముగ్గురైనా లేకపోతే లైబ్రరీవాళ్లు గది ఇవ్వరట. మీరొస్తారా?"

ఒళ్లు అలిసిపోయింది, మనసూ అంతే. వస్తానన్నాను. తనూ నేనూ ఇద్దరం. మూడో మనిషి మీలోంచి రావాలి.

బుధవారం సాయంత్రం ఐదింటికి. వచ్చేవాళ్లు దారిలో ఒక టిష్యూ డబ్బా తీసుకురండి. ఏడవడానికి కాదు కాబట్టి మెత్తటిది, లోషన్ రాసినది వద్దు. అది బరువు, కదలదు. అన్నిటికన్నా పలచటిది చూసి తీసుకోండి.