జామ వరుసల్లో పట్టే ట్రాక్టర్

నాన్న పంచి ఇచ్చిన పొలంలో, కంది ఊరి పక్కన, అక్కా నేనూ కలిసి జామ తోట పెట్టుకున్నాం. అక్క జిన్నారం దగ్గర మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. నేను బడిలో సైన్సు చెబుతాను. చెట్లు గుబురుగా పెరిగాక కిరాయికి వచ్చే పెద్ద ట్రాక్టర్ వరుసల మధ్య పట్టడం మానేసింది. పోయినసారి కలుపు దున్నడానికి వచ్చి రెండు పక్కలా కొమ్మలు విరిచి పోయింది. పిందెలతో సహా వేలాడుతున్న కొమ్మను పట్టుకుని అక్క, "ఇగ మనమే ఒక చిన్నది కొందాం చెల్లె," అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి నేరుగా పోతిరెడ్డిపల్లిలోని షోరూమ్‌కు వెళ్ళాం. వరుసలో చివరగా పెట్టిన ట్రాక్టర్ మా బావ కారు కంటే సన్నగా ఉంది. షోరూమ్ ఆయన నాకు హార్స్‌పవర్ గురించి చెబుతున్నాడు. అక్క అప్పటికే దాని వెనక్కి పోయి గొంతుక్కూర్చుంది.

"గీ కడ్డీ ఏందన్నా? బయటికి పొడుసుకొచ్చింది."

"పీటీఓ అంటరక్కా. ఇంజన్ బలం గీడికెళ్లి ఎనక తగిలిచ్చిన దానికి పోతది," అంటూ ఆయన బండి స్టార్ట్ చేసి ఒక లివర్ తోశాడు. కడ్డీ గిర్రున తిరిగింది. ట్రాక్టర్ మాత్రం కదల్లేదు. అన్నాళ్ళూ ట్రాక్టర్ అంటే లాగే బండి అనుకున్నాను. ఉన్నచోటే ఉండి తన బలాన్ని ఇంకోదానికి అందిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆపించి, మళ్ళీ తిప్పించి చూశాను.

వెనక ఏం తగిలించుకోవాలన్న దగ్గర మా ఇద్దరికీ కుదరలేదు. నేను మట్టిని గుల్లగా తిరగదున్నే రోటవేటర్ అన్నాను. అక్క ట్రాలీ అంది.

"కలుపు పోకుంటే కాయ ఏడికెళ్లొస్తదక్కా?"

"వచ్చిన కాయను రోడ్డు దాక నెత్తిన మోస్తున్నది నేను గద!"

షోరూమ్ ఆయన నవ్వి, "ముందుగాల తోటల తిప్పి సూడుండ్రి," అన్నాడు.

తర్వాతి ఆదివారం ఆయనే రోటవేటర్ తగిలించిన బండితో తోటకు వచ్చాడు. అది టైర్ల కంటే కాస్త వెడల్పుగా ఎందుకుందని అడిగాను. "టైర్ తొక్కిన జాగను గుడ దున్నాలె గద మేడం. లేకుంటే ఆడ మట్టి గట్టిగనే ఉంటది," అన్నాడు. మొదటి వరుస అయ్యేసరికి వెనక మట్టి పిండిలా పడింది. ఒక్క కొమ్మా విరగలేదు. రెండో వరుసలో ఉన్నట్టుండి టపటపమని చప్పుడు. పక్కకు జరపడం మరిచిన డ్రిప్పు పైపు బ్లేళ్ళకు చుట్టుకుపోయింది.

ఇంజన్ ఆపి, ముగ్గురం కూర్చుని కొడవలితో పైపు కోసి తీశాం. అలా తీస్తున్నప్పుడే బ్లేళ్ళను దగ్గరగా చూశాను. ఒకటి ఎడమకు వంగితే పక్కది కుడికి వంగి ఉంది. అన్నీ ఒకే వైపు ఉంటే బండి ఒక పక్కకు గుంజుతుందేమో అని నేనంటుంటే, "నీ సైన్సు తర్వాత, పైపు గుంజు," అంది అక్క.

చివరికి చిన్న రోటవేటర్, చిన్న ట్రాలీ రెండూ తీసుకున్నాం. చెట్లకు మందు కొట్టే పంపును వచ్చే ఏటికి వదిలేశాం.

బండి వచ్చిన వారంలో ఒక సాయంత్రం బడి నుంచి తోటకు వెళ్తే, అక్క చేతుల నిండా గ్రీజుతో నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా ట్రాక్టర్ నుంచి విప్పేసిన రోటవేటర్.

"ఎందుకు విప్పినవక్కా? కరాబైందా?"

"లే. బండికి ఎట్ల పడ్తదో సూద్దామని. ఇయ్యాల డ్యూటీ లేదు గద, పొద్దుగాలకెళ్లి ఇదే పని. ఎడమ దిక్కు పడ్డది, కుడి దిక్కు పడ్తలేదు."

సంచి పక్కన పెట్టి నేనూ కూర్చున్నాను. ట్రాక్టర్ వెనక రోటవేటర్‌ను పట్టుకునే రెండు ఇనుప చేతుల్లో కుడి వైపుది, పిన్ను పడాల్సిన రోటవేటర్ రంధ్రం కంటే కొంచెం పైకి ఉంది. అక్క బండిని ముందుకూ వెనక్కీ జరిపింది. కుదరలేదు. ఇద్దరం కలిసి నెట్టినా రోటవేటర్ కదల్లేదు. ఆ చేతికి పైన చిన్న హ్యాండిల్ కనిపిస్తే, ఎందుకుందో చూద్దామని తిప్పాను. చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"తిప్పు, తిప్పు, ఇంకా జెర," అని అక్క కేక పెట్టింది. పిన్ను టక్కున పడింది. పైన ఉన్న మూడో కడ్డీనీ, పీటీఓనూ తగిలించి, అక్క సీటెక్కింది. చీకటి పడేలోపు రెండు వరుసలు దున్నాం, ఒకటి తను, ఒకటి నేను.