సుంకమ్మ అవ్వకు వినపడని ప్రశ్న

2023 ఎండాకాలం. బళ్ళారిలో నేను పనిచేసే ఆస్పత్రిలో నా గది కింది అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన ఉంటుంది. నేను ఆడియాలజిస్టును. చెవులకు మందులిచ్చే డాక్టరును కాదు. మనిషికి ఎంత వినపడుతోంది, ఏ శబ్దాలు అందడం లేదు, చెవికి వినికిడి మిషను పెడితే ఎంత మేలు అని పరీక్ష చేసి చెప్పడం నా పని. చాలా రోజులు ఒకే మాదిరి గడిచిపోతాయి. కానీ ఆ బేస్తవారం పొద్దున గుర్తొస్తే నాకిప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాదు.

ఆ పొద్దున ఒకాయన తల్లిని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడు. ఆయన పేరు రామాంజి. యాభై దగ్గర్లో ఉంటాడు, కుడతిని పక్క టిప్పర్ నడుపుతాడు. తల్లి పేరు సుంకమ్మ. డెబ్బై ఐదు దాటిన మనిషి, ఊరు మోక. వయసులో ఉన్నప్పుడు సేద్యం కూలికి పోయింది, ఆ తర్వాత చాలా ఏళ్ళు సండూరు కొండల దగ్గర ఒక క్రషర్‌లో రాళ్ళు మోసింది. నడక గట్టిగానే ఉంది. చూపు మాత్రం ఎవరి మొహం మీదా నిలవడం లేదు.

కూర్చోకముందే రామాంజి అన్నాడు, "మాయమ్మకు మతి పోయింది మేడం. పైన డాక్టరు ముందు చెవులు చూపించుకొని రమ్మన్నాడు. మీరు చూసినామని రాసిస్తే పోయి మతి లేదని సర్టిఫికెట్ తీసుకుంటా. అనంతపురం పక్క ముసలోళ్ళ ఆశ్రమం ఒకటి ఉండాది. సోమవారం ఆమెను ఆడికి తీసుకొని పోవల్ల."

"ఆశ్రమం సంగతి అవ్వకు చెప్పినావా అప్పా?"

"చెప్పినా ఏం తెలుస్తాది మేడం ఆమెకు?"

అవ్వ మా ఇద్దరి పెదాల వైపు మార్చి మార్చి చూస్తోంది. తన గురించే మాట్లాడుతున్నారని తెలిసినట్టుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియడం లేదు.

రామాంజి చెడ్డవాడు కాదు. భయపడిపోయి ఉన్నాడు. ఆయన డ్యూటీకి పోతాడు, భార్య రత్నమ్మ బట్టలు కుట్టను పోతుంది. ముసలామె ఇంట్లో ఒక్కతే. పొయ్యి మీద పాలు మాడిపోతాయి, తలుపు కొట్టినా తీయదు. రోడ్డు దాటుతూ లారీ హారన్ కొట్టినా పక్కకు జరగలేదట. ఆ డ్రైవరు తెలిసినవాడు కాబట్టి ఆపుకున్నాడు.

"ఏం అడిగినా సంబంధం లేని జవాబే మేడం. నా పెండ్లాం 'పాలు పొంగినాయా' అంటే 'ఆ, పొద్దున్నే పోయినాడు' అంటాది. ఊర్లో క్యాంపు పెట్టింటే ఒక సిస్టరు 'ఇవత్తు యావ వార అజ్జి' అని అడిగింది, ఈ దినం ఏ వారమని. ఈమె 'మోక' అనింది. అంతా నవ్వినారు. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. యావ వార. యావ ఊరు, అంటే ఏ ఊరు. కొత్త మనిషి ఎవరైనా ముందు అడిగేది ఊరు పేరే. మాట సగమే అందితే మిగతా సగం మన అలవాటు పూరిస్తుంది. 'పాలు పొంగినాయా' అన్నది 'వాడు పోయినాడా' అయింది. ఆమె తప్పు జవాబు చెప్పలేదు! తన చెవికి అందిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పింది. కానీ అప్పుడే నోరు తెరవకూడదు. చెవుడూ మతిమరుపూ రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. ముందు పరీక్ష కావాలి.

మొదట ఓటోస్కోపుతో, అంటే చెవిలోకి చూసే లైటుతో చూశాను. రెండు చెవులూ శుభ్రంగా ఉన్నాయి, కర్ణభేరి బాగుంది. తర్వాత ఆమెను సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాను. దీన్ని ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అంటారు. సన్నటి 'కూ' అనే శబ్దం వినపడితే చేతిలో బటను నొక్కాలి, అంతే. నోటితో చెప్తే అందదు కాబట్టి నేనే హెడ్‌ఫోన్ పెట్టుకొని, విన్నట్టు తల ఆడించి, బటను నొక్కి చూపించాను. రెండోసారి చూపించేసరికి ఆమె నా చేతిలోంచి బటను లాక్కుంది.

"నొక్కుతుందంటారా?" అన్నాడు రామాంజి.

నొక్కింది! శబ్దం ఆమెకు అందిన ప్రతిసారీ నొక్కింది. మధ్యలో కావాలని ఏ శబ్దమూ పంపకుండా ఆపి చూశాను. అద్దం అవతల ఆమె బొటనవేలు బటను మీద పెట్టుకొని, కళ్ళు చికిలించి కాచుకొని కూర్చుంది. ఒక్కసారి కూడా ఊరికే నొక్కలేదు. ఆడియోగ్రాం, అంటే వినికిడి గీత, మొదట కొంచెం సమంగా పోయి తర్వాత సండూరు ఘాట్ రోడ్డు మాదిరి కిందికి దిగిపోయింది. క్రషర్ రొదలో ఏళ్ళకేళ్ళు పనిచేసినవాళ్ళలో ఇట్లాంటి గీతలు చూస్తుంటాను. వయసు దాన్ని ఇంకా కిందికి లాగింది. ఇట్లాంటి చెవికి మాట చప్పుడు చేరుతుంది గాని ఏ మాటో తెలియదు.

మా దగ్గర ట్రయల్‌కు ఉంచిన మిషన్లలో ఒకటి తీసి, కంప్యూటరుకు తగిలించి, ఆమె గీతకు తగినట్టు అమర్చాను. చెవి వెనక పెట్టి స్విచ్ వేశాను. ఆమె ఉలిక్కిపడి పైకి చూసింది. ఫ్యాను!

తర్వాతది మాటల పరీక్ష. నా దగ్గరుండే మాటల పట్టిక కన్నడంలో ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను. పెదాలు కనపడకుండా ఒక అట్ట అడ్డం పెట్టుకొని, ఆమె ఇంట్లో తిరిగే మాటలే అడిగాను.

"చేట."

"చేట."

"కొడవలి."

"కొడవలి."

"ఉగ్గాని."

"ఉగ్గాని. ఏం పాపా, తెచ్చినావా ఏంది?"

నేను పకపకా నవ్వాను. కుర్చీ అంచున కూర్చున్న రామాంజి లేచి నిలబడిపోయాడు. "అమ్మా," అన్నాడు మెల్లగా. ఎన్నేళ్ళుగానో అరిచి పిలిచే మనిషి, ఆ రోజు అరవలేదు. ఆమె గిరుక్కున వెనక్కు తిరిగింది.

"నీ గొంతేందిరా? మీ నాయన గొంతు లెక్క అయిపోయిందే!"

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది. "పాపా, నన్ను ఈడికి ఎందుకు తెచ్చినాడు వీడు?"

నేనే చెప్పొచ్చు. కానీ అది నేను చెప్పే మాట కాదు. "చెప్పప్పా, ఇప్పుడు ఇనపడుతుంది," అన్నాను. రామాంజి ఆశ్రమం సంగతి చెప్పాడు. చెప్తుంటే ఆమె దవడ బిగుసుకుంది.

"నన్ను పంపిస్తావా? ఎవర్ని అడిగినావు?"

"భయమమ్మా. ఏ లారీ కిందనో పడతావని భయం."

"భయమైతే నాతో చెప్పల్ల గదరా!"

"చెప్తే ఇనపడలేదు గదమ్మా!"

ముందు ఆమెకే నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది.

ఆమెకు తెలియాల్సినవి కొన్ని అప్పుడే చెప్పాను. ఇష్టం లేకుండా ఆమెను ఏ ఆశ్రమంలోనూ చేర్చకూడదని, పెద్దవాళ్ళను పిల్లలు చూసుకోవాలని చట్టం ఉందని, చూడకపోతే అసిస్టెంట్ కమిషనర్ దగ్గర ట్రిబ్యునల్‌లో, అంటే పెద్దల గోడు వినే కోర్టులాంటి చోట, ఆమె స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చని. ఆమె చెయ్యి అడ్డం ఊపింది.

"కేసు గీసు వద్దు పాపా. వాడు నాకు అన్నం పెట్టకుండా ఏం లేడు. కానీ నన్ను యాడికన్నా పంపాలంటే ముందు నన్నడగల్ల. అదొక్కటి చాలు."

మిషను చెవికి పెట్టుకునే పై అంతస్తుకు పోయాం. నేనూ వెంట పోయాను, ఆగలేక! పైన డాక్టరుగారు ధారవాడ వైపు మనిషి, తెలుగు రాదు. ఎవరి మతి సంగతి చెప్పాల్సి వచ్చినా ముందు చెవులు, కళ్ళు చూపించుకొని రమ్మంటారు. ఆ రోజు ఆ అలవాటే సుంకమ్మ అవ్వను కాపాడింది. ఆయన కన్నడంలో అడిగిన ప్రశ్నలు నేను తెలుగులో ఆమె ముందర కూర్చొని అడిగాను. ఈ దినం ఏ వారం?

"బేస్తారం."

డాక్టరుగారు నా మొహం చూశారు. "గురువార సార్," అన్నాను. ఆయన నవ్వి తల ఊపారు.

మూడు వస్తువుల పేర్లు చెప్పి, వేరే మాటల్లో పెట్టి, మళ్ళీ అడిగితే మూడూ చెప్పింది. "ఇంకేమన్నా ఉండాయా?" అని ఎదురడిగింది. అన్నీ అయ్యాక డాక్టరుగారు రామాంజితో, "మతిమరుపు జబ్బు గుర్తులేవీ నాకు కనపడలేదు. కొన్ని నెలలు పోయాక మళ్ళీ తీసుకురా, చూద్దాం. సర్టిఫికెట్ మాత్రం లేదు," అన్నారు. నేను మెట్లు దిగలేదు, దూకాను.

అరవై దాటిన పేద ఇండ్ల పెద్దవాళ్ళకు వినికిడి మిషను, చేతికర్ర, కళ్ళద్దాలు ఉచితంగా ఇచ్చే సర్కారు పథకం ఉంది. వయసు కాగితం, రేషన్ కార్డు ఉంటే క్యాంపులో పేరు రాయించుకోవచ్చు. రామాంజి మరుసటి వారమే రాయించాడు. సొంత మిషను వచ్చేదాకా మా ట్రయల్ మిషనే ఆమె దగ్గర ఉంచాం.

ఇంటికి పోయాక అంతా సాఫీగా సాగలేదు. కుక్కర్ కూత, గిన్నెల చప్పుడు, టిప్పర్ రివర్స్ హారన్ అన్నీ ఒకేసారి మీద పడేసరికి, అవ్వ మిషను తీసి బియ్యం డబ్బాలో పెట్టేసింది. రత్నమ్మ ఫోన్ చేసి, "మేడం, ఇది మాకు పడేట్టు లేదు," అంది. పిలిపించి శబ్దం తగ్గించాను. మొదట్లో రోజుకు కాసేపే పెట్టుకోమన్నాను, మెల్లగా పెంచుకోవాలి. ఇంట్లోవాళ్ళకూ పాఠం చెప్పాను: వెనక నుంచి పిలవద్దు, ముందరికి వచ్చి మాట్లాడండి, అరవద్దు. తలుపు దగ్గర లైటు వెలిగే బెల్లు పెట్టుకోండి. రత్నమ్మ అన్నీ పట్టించుకుంది. రెండు వారాల తర్వాత మళ్ళీ ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది: "మేడం, మేం గుసగుసలాడుకున్నా ఇంటాంది!"

వానలు తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున తలుపు తీస్తే బయట సుంకమ్మ అవ్వ! పక్కన ఇంకో ఇద్దరు ముసలమ్మలు.

"ఎవరు తీసుకొచ్చినారవ్వా?"

"ఎవరు తేవల్ల? బస్సు తెచ్చింది. ఆడోళ్ళకు టికెట్టు గూడా లేదు గదా," అంటూ ఒకామెను ముందుకు నెట్టింది. "ఈమె కోడలు కూడా ఈమెకు మతి పోయిందంటాది. చూడు పాపా. ఎదురుగా కూచొని అడుగు, అరవాకు."

నా పాఠం నాకే చెప్తోంది! ఆ ఇద్దరిలో ఒకామెకు మిషను అవసరం పడింది. ఇంకొకామె చెవిలో గట్టిపడిన గుబిలి తీయిస్తే సరిపోయింది.

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నవాటిలో ఇది ముఖ్యమైనది. పెద్దవాళ్ళ జవాబు వింతగా అనిపిస్తే, వాళ్ళ మతిని అనుమానించకముందు మన ప్రశ్న వాళ్ళ దాకా పోయిందో లేదో చూడాలి. వాళ్ళ మాటలో అడిగామా, వాళ్ళ ముందర నిలబడి అడిగామా, అసలు అడిగామా? ఇప్పుడు ఎవరు వచ్చినా వెంట వచ్చినవాళ్ళను కాసేపు ఆగమంటాను. నా కుర్చీ జరుపుకొని, అవ్వకో తాతకో ఎదురుగా కూర్చొని, "ఏం కావాల మీకు?" అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఆగుతాను.