చెరిపిన మచ్చ

ఫోటో స్టూడియోలో ముప్పైయేళ్లపాటు ఆమె పని ఒక్కటే: నెగటివు మీద సూదిమొన వంటి పెన్సిలు ఆడించి, ముఖాలలోని మచ్చలనూ ముడతలనూ మాయం చేయడం. ఆమె చేయి పడితే అరవయ్యేళ్లవారు నలభైకి దిగుతారని తోటివారు హాస్యమాడేవారు.

చెల్లెలు పోయిన ఏడాదికి, ఆ ముఖాన్ని తైలవర్ణాలలో నిలుపుకోవాలని ఆమె ఒక చిత్రకారుని వద్ద పాఠాలకు కుదిరింది. ఆయన గీతలు గీయనిచ్చేవాడు కాదు. వెలుగుకొక రంగు, నీడకొక రంగు విడివిడిగా అద్ది వదిలేయమనేవాడు. నీడలో నలుపు కాదు, నీలం వెతకమనేవాడు. ఆమె తల ఊపేది గాని, మరుక్షణమే ఆ రంగులన్నిటినీ సన్నకుంచెతో కలిపి నునుపు చేసేది. ఒకనాడు ఆయన ఆ కుంచె లాక్కుని, అంగుళం వెడల్పుది చేతికిచ్చాడు.

“ఇది మొహమా అమ్మా, ఇస్త్రీ చేసిన దుప్పటా? మీ చెల్లెలికి గుర్తుపట్టే ఆనవాలు ఒక్కటీ లేదా?”

ఉంది. చిన్ననాడు కాలిన మచ్చ ఒకటి చెంప మీద ఉండేది. ఏ చెంప? కళ్లు మూసుకుంటే ఫోటోలోని ముఖమే ఎదుట నిలిచింది. ఇంటికి పోయి ఫోటోలన్నీ పరచుకుంది. పెళ్లినాటిది మొదలు ఒక్కదానిలోనూ మచ్చ లేదు. అన్నిటిలోనూ తానే, ఎంతో ప్రేమతో, తీసివేసింది.

మర్నాడు చెల్లెలి భర్త అయిన మరిది ఇంటికి వెళ్లి, సిగ్గు విడిచి అడిగింది.

“ఎడమ చెంప, వదినా. చలికి కమిలినట్టుండేది, కోపమొస్తే ఎర్రబడేది,” అన్నాడతడు. తరువాత నేల చూస్తూ, “నువ్వు పంపిన ఫోటో వచ్చినప్పుడల్లా తను అద్దం దగ్గరికెళ్లి పోల్చి చూసుకునేది. అక్కకి నా మొహం ఎప్పుడూ నచ్చలేదు అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ని,” అన్నాడు.

తాను చేసినది మేలనే ఆమె ఇన్నాళ్లూ అనుకున్నది. ఆ మాట చెల్లెలు ఒక్కసారి తనతో అని ఉంటే పెన్సిలు పక్కన పెట్టేది. కాని చెల్లెలిని తాను ఒక్కసారైనా అడిగినది లేదు.

తరువాతి పాఠంలో, ఊదాలో కొంచెం ఎరుపు కలిపి ఎడమ చెంప మీద ఒక్క వేటున పెట్టింది. దిద్దలేదు. అంతవరకూ ఎవరిదో అయిన ముఖం చెల్లెలిదైంది. గురువు మెచ్చుకున్న మాటలు ఆమె చెవిన పడలేదు.

రంగు ఆరడానికి వారాలు పడుతుందన్నా వినక, తడిబొమ్మనే మరిదికి చూపడానికి తీసుకెళ్లింది. అతడు గుమ్మంలోనే నిలబడి చాలాసేపు చూశాడు.

“మా ఇంట్లో తిరిగిన మనిషి ఇదే, వదినా. ఇది తను చూసి ఉండాల్సింది.”

ఆమె చేతికి రంగు అంటకుండా చట్రం అంచులు పట్టుకుని, అతడు లోపలికి రమ్మనేదాకా అలాగే నిలుచున్నది.