రెండో తొవ్వ తెలిసిన చేప

నా చిన్నప్పుడు, అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఇంట్లో టచ్‌ఫోను ఉంది కాని నా చేతికి ఇచ్చేవారు కాదు, మా కుటుంబమంతా గోదావరిఖని నుంచి విశాఖపట్నం వెళ్లాం. మా తాతయ్య బొగ్గుగనిలో రిటైరైన ఏడాది అది. బతుకంతా భూమి అడుగున గడిపిన మనిషికి సముద్రం చూపించాలని మా నాన్న ఆశ. తాతయ్య చూశాడు. నీళ్లు బాగానే ఉన్నాయని ఒప్పుకున్నాడు.

నాకు మాత్రం అక్కడ పెద్ద పని ఉంది. పక్క క్వార్టర్లోని అబ్బాయి దగ్గర రంగుచేపల తొట్టి ఉండేది. అంతకన్నా గొప్ప చేపను సముద్రం నుంచి తెస్తానని వాడకట్టు మొత్తానికి మాటిచ్చి బయల్దేరాను. తేకపోతే సెలవులయ్యాక నా పరువు లేదు.

మధ్యాహ్నానికి నీరు వెనక్కి తగ్గి, ఒడ్డు రాళ్ల మధ్య గుంతల్లో మిగిలింది. ఒక గుంతలో దొరికింది నా చేప. వేలెడు పొడవు, ఇసుక రంగు, ఒంటినిండా మచ్చలు, లావుపాటి తల, నెత్తిమీద కళ్లు. ఈదడం కూడా పెద్దగా ఇష్టం లేనట్టుంది. పొట్టకింది రెక్కలతో రాయిని కరుచుకుని అడుగునే కూర్చుంది. అందంలో రంగుచేపల ముందు నిలబడదు. అయినా సముద్రం చేప సముద్రం చేపే. నీళ్ల బాటిల్లోకి పట్టేశాను. మా అవ్వ చూసి, దీన్ని పులుసు పెట్టాలా, దండం పెట్టాలా అని అడిగింది.

తాతయ్య తిట్టలేదు. నీరు తగ్గినప్పటినుంచీ ఆ రాళ్లమీదే కూర్చుని, పిల్లలు చేపల వెంట పడటం చూస్తున్నాడాయన. బాటిల్‌ను ఓసారి ఎండకేసి పట్టి చూసి, పందెం కాద్దామన్నాడు.

"పట్టిన గుంతలనే మల్ల ఇడువు. అది దానంతట అదే సముద్రంల వడ్డదనుకో, ఇడిసిపెట్టాలె. పడకపోతె నీదే. ఇంటిదాంక రైల్ల నేనే పట్టుకొని కూసుంట."

గుంత చుట్టూ ఎండిన రాయి. అక్కడినుంచి సముద్రం కనిపించదు కూడా. చేపకు కాళ్లు లేవు. ఇంత తేలికైన పందెం కాస్తున్నాడంటే తాతయ్యకు ఎండదెబ్బే అనుకుని వెంటనే ఒప్పుకున్నాను.

చేప కదల్లేదు. చాలాసేపు కదల్లేదు. అవ్వ టీ అడగడం మొదలుపెట్టింది. నేను మనసులో తొట్టి కూడా కొనేశాను. అంతలో నా నీడ నీళ్లమీద పడింది. చేప ఎగిరింది. రాయి దాటి, దానికి కనిపించే వీలే లేని పక్క గుంతలో సరిగ్గా పడింది. నేను బాటిల్ పట్టుకుని చేరేసరికి అక్కడినుంచి ఇంకో గుంతలోకి దూకింది. ఒక్కసారి కూడా ఎండురాయి మీద పడలేదు. పడింది నేనే. మోకాలు గీరుకుపోయింది. లేచి చూసేసరికి చేప చివరి గుంత దాటి అలలో కలిసిపోయింది.

ఏడుపు అందుకున్నాను. తాతయ్య పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నేను బొగ్గుబాయిల దిగిన తొలినాడు మా సర్దారు నాకు పని చెప్పలే, బిడ్డా. పోయిన తొవ్వ మూసుకపోతె బయటికొచ్చే రెండో తొవ్వ ఏదో నడిపిచ్చి చూపిచ్చిండు. పని తర్వాతనే. గీ చేప గూడ గట్లనే చూసిపెట్టుకున్నది."

ఒకసారి గనిలో కప్పు కూలినప్పుడు ఆయన ఆ రెండో తొవ్వనే బయటపడ్డాడట. ఆ సంగతి ఆయన చెప్పలేదు. అవ్వ చెప్పింది, టీ ఊదుకుంటూ.

వాడకట్టుకు గవ్వలు పంచాను. ఎవరూ క్షమించలేదు.

ఫోను నా చేతికొచ్చాక ఆ చేప గురించి చదివాను. పోటు వచ్చి రాళ్లన్నీ మునిగినప్పుడు అది వాటి మీదుగా తిరిగి, ఏ గుంత ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుందట. నీళ్లు తగ్గాక ఆ గుర్తు మీదే దూకుతుందట.

ఇప్పటికీ కొత్త చోటికి వెళ్తే నేను ముందు వెనకదారి చూసుకుంటాను. దోస్తులు నవ్వుతారు. మొన్న పెద్దపల్లిలో ఒక పెళ్లికి వెళ్లి, అందరూ అక్షింతలు పట్టుకుని స్టేజీ వైపు నడుస్తుంటే నేను ఫంక్షన్ హాలు వెనక్కి నడిచాను. మా తాతయ్య అప్పటికే అక్కడున్నాడు, వెనక తలుపు గడియ తీసి, వేసి చూస్తూ. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగాడు. నేనూ ఒకసారి గడియ లాగి చూశాను.