రూతక్కను వాగు చంపలేదు

నిన్న మధ్యాహ్నం ఖిదిర్‌పూర్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో భోజనానికి కూర్చున్నాను. స్టీఫెన్ బావ ఫోన్.

"మేరీ, మీ అక్క లేదమ్మా. నీలల్లో కరెంటెట్టీసినారు."

ఏ నీళ్ళు, ఏ కరెంటు, నాకేమీ అర్థం కాలేదు. "ఏటి బావా" అని మాత్రం అనగలిగాను. అవతల ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. లైన్ కట్ అయింది.

ప్లేటు అక్కడే వదిలేసి వచ్చేశాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. రూతక్క నా సొంత అక్క కాదు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి అక్క, స్టీఫెన్ బావ ఆమె భర్త. అక్క పార్సిల్ ఆఫీసులో క్లర్కు. ఆదివారం చర్చిలో పాటలు. మిగతా టైమంతా చేపలే.

విదేశీ అక్వేరియం చేపలు కాదు. మన వాగుల్లో, చెరువుల్లో పుట్టే వేలెడంత చేపలు. వాళ్ళ వరండా నిండా గాజు తొట్లే. బావకి లుంగీ ఆరేసుకోవడానికి కూడా చోటుండేది కాదు.

ఒకసారి చర్చి అయ్యాక ఇద్దరం పెంపుడు జంతువులు అమ్మే సంతకి వెళ్ళాం. ఒక తొట్టిలో గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగుల్లో చిన్న చేపలు. పిల్లలు మూగిపోయి ఉన్నారు.

అక్క వంగి చూసింది. అవి చాందాలు. చాందా అంటే అద్దంలాంటి చేప, దాని వెన్నెముక కూడా బయటికి కనిపిస్తుంది. దానికి సూది గుచ్చి లోపల రంగు నింపారు.

అక్క నన్ను తొట్టి దగ్గరికి లాగింది.

"ఒలే మేరీ, బతికున్నదానికి సూదెట్టి రంగెక్కించినారే. ముద్దుగున్నాదనీసి కొంటన్నారు సూడు."

కొంటే కొనండి దిదీ, లేకపోతే జరగండి అన్నాడు కొట్టువాడు. అక్క జరగలేదు. వచ్చిన ప్రతి అమ్మకీ నాన్నకీ బెంగాలీలో నిదానంగా చెప్పింది, రంగు పోతుంది, చేపా పోతుంది అని. చివరికి వాడే తొట్టి మీద గోనెపట్టా కప్పేశాడు.

ఇంటికొచ్చి అక్క అన్నం ముట్టలేదు.

అసలు చాందాని దాని నీళ్ళలోనే చూపిస్తే ఎవరూ రంగుది కొనరని ఆమె నమ్మకం. మా చేపల గ్రూపు అలా మొదలైంది. రేపు మా మొదటి మీట్. పురూలియా కొండల కింద ఒక వాగులో అందరం దిగి నడవాలి.

అక్క పాత దోమతెరలు కత్తిరించి చేతివలలు కుట్టింది. రాళ్ళ మీద కాళ్ళు జారకుండా ఇంటింటికీ తిరిగి పాత కాన్వాస్ బూట్లు పోగేసింది. వాన పడ్డాక చర్చి ఆవరణలో నీళ్ళు నిలిస్తే, అందులోనే మా చేత ప్రాక్టీస్ చేయించింది. ముందు కర్ర, తర్వాత కాలు. మా పాస్టరమ్మ కూడా చీర ఎత్తి కట్టి నడిచింది. అందరం తెగ నవ్వుకున్నాం.

నిన్న పొద్దున అక్కా బావా లోతు చూడ్డానికి ముందుగా ఆ వాగు దగ్గరికి వెళ్ళారు. ఏం జరిగిందో సాయంత్రం బావ మళ్ళీ ఫోన్ చేసి చెప్పాడు.

బావ ఆటోలోంచి కర్రలు దించుతున్నాడు. గట్టు మీద నుంచి చూస్తే చిన్న చేపలు వెల్లకిలా తేలుతున్నాయట. ఎవరో విషం కలిపారనుకుని అక్క గబగబా దిగింది.

మలుపు అవతల ఇద్దరు మగాళ్ళు కరెంటు లైనుకి వైరు తగిలించి, వెదురు గెడతో నీళ్ళలో పెట్టారు. కష్టపడకుండా చేపలు పట్టడానికి. పెద్దవి వాళ్ళకి. చిన్నవి ఊరికే చావడానికి.

అక్క పడిపోయింది. బావ దూకబోతే, అక్కడ గడ్డి కోస్తున్న ఒకామె చొక్కా పట్టుకుని వెనక్కి లాగేసింది. మలుపు వైపు చూసి అరిచింది.

వాళ్ళు వచ్చి చూశారు. నీళ్ళలో బోర్లా పడి ఉన్న మనిషిని చూశారు.

ముందు చేపల బుట్ట తీసుకున్నారు. తర్వాత వైరు పీకారు. తర్వాత పారిపోయారు.

ముందు బుట్ట.

ఆ తర్వాత మన వాళ్ళ పోస్టులు.

"పాపం, ఈత రాదా" అని ఒకరు. "ఆడవాళ్ళకి ఈ పిచ్చి ఎందుకు" అని ఒక పెద్దమనిషి. అక్క ఫోటో పక్కన తన ఫోటో ఇంకా పెద్దది పెట్టుకుని నివాళి వేసినవాడు ఇంకొకడు. మా గ్రూపులో ఒకాయన RIP అని పెట్టి, దాని కిందే అడిగాడు: "మరి రేపు ప్రోగ్రాం ఉన్నట్టా, లేనట్టా? టిఫిన్ ఎవరు చూస్తున్నారు?"

ఛీ.

అక్కడ నీళ్ళు మోకాళ్ళ లోతు. అక్కకి ఈత వచ్చు. రూతక్కను వాగు చంపలేదు. మునిగిపోయిందని రాసినవాళ్ళు దయచేసి ఆ పోస్టులు తీసేయండి. అలా రాస్తే ఆ ఇద్దరికీ పని సులువవుతుంది.

గడ్డి కోసే ఆమె బావతో పాటు పోలీసు థానాకి వెళ్ళి ఇద్దరి పేర్లూ చెప్పింది. అందులో ఒకడు ఆమె సొంత మరిది. ఇంటికెళ్తే ఏం చేస్తారో అని బావ భయపడి, ఆలోచించుకోమ్మా అన్నాడట.

"ఆ బుట్ట రోజూ మా ఇంటికే వచ్చేది దాదా. నేనే వండేదాన్ని. ఇక నా గొంతు దిగదు" అందట.

మరిదిని నిన్ననే పట్టుకున్నారు. రెండోవాడు ఇంకా దొరకలేదు.

పోస్ట్‌మార్టం అయిపోయింది. సాయంత్రానికి అక్క ఇంటికి వస్తోంది. రేపు ఆరాధన అయ్యాక సమాధి. ప్రోగ్రాం గురించి నన్ను ఎవరూ అడగొద్దు.

వెళ్ళిరా రూతక్కా.

నీకు దేవుని దగ్గర నెమ్మది దొరకాలి. ఇక్కడ బావకి కాస్త నిద్ర దొరకాలి.